కట్టు బిగించే ముందు కాలిలో రక్తం కొలవండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. 29 ఏళ్ల సర్వీసులో 11 ఏళ్లు సర్జికల్ వార్డు డ్రెస్సింగ్ రూములోనే గడిచాయి. పనిచేసింది గోదావరి జిల్లాల్లో. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అందుకే రెండు ప్రభుత్వాలకూ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

అడిగేది పెద్దదేం కాదు. షుగర్ ఉన్న మనిషి కాలికి బిగుతు కట్టు వేసే ముందు ఆ కాలికి రక్తం ఎంత అందుతోందో చప్పుడు విని చూసే చిన్న పరికరం, చేతి డాప్లర్, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. కొలిచిన అంకె డ్రెస్సింగ్ చీటీ మీద రాయాలి. అంకె లేకపోతే బిగుతు కట్టు వేయకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మాత్రం నా చేతులతో కట్టిన ఒక కట్టు గురించి చెప్పాలి.

2009 వానాకాలం. ఆ పేషెంటు రైస్ మిల్లులో కాటా దగ్గర పనిచేసేవారు. వయసు అరవై దాటింది. షుగర్ 15 ఏళ్లుగా ఉంది, చుట్ట అంతకన్నా ముందు నుంచీ ఉంది. కుడి కాలి బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత పుండు. పాదం, పిక్క వాచిపోయి, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. కేస్ షీట్ మీద ఆర్డరు ఇది: రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టాలి. వాపు కాలికి ఎవరైనా రాసే ఆర్డరే. రాసిన డాక్టరుగారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు ఆయన ఓపీ ముందు క్యూ ఎంత పొడవుందో నేను చూశాను.

నా కట్టుకి వార్డులో మంచి పేరుండేది. వేళ్ల మొదళ్ల నుంచి మొదలుపెట్టి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకె వేసి, సగం మీద సగం పడేలా మోకాలి కింద దాకా జడ అల్లినట్టు వెళ్లేదాన్ని. ఆయనకీ అలాగే కట్టాను. కట్టాక "బిగుతుగా ఉంటే చెప్పండి బాబాయ్" అన్నాను. "బాగుందమ్మా" అన్నారు.

సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు చూస్తే, కాలు మంచం మీంచి కిందకి వేలాడేసి కునుకు తీస్తున్నారు. "అలా వేలాడేస్తే వాపు ఎక్కడ తగ్గుద్ది?" అని కసిరి, రెండు దిండ్లు తెప్పించి కాలు వాటి మీద పెట్టించాను. "కిందకుంటే కొంచెం హాయిగా ఉంటదమ్మా" అన్నారాయన, తప్పు చేసినవాడిలా. ఇంట్లో కూడా మూడు నెలల నుంచి అలాగే పడుకుంటున్నారని వాళ్లావిడ చెప్పింది. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

మూడో రోజు పొద్దున నేనే కట్టు విప్పాను. చర్మం మీద బ్యాండేజ్ నేత అచ్చు గుద్దినట్టు పడి ఉంది. నాలుగు వేళ్లు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మడమ వెనక పావలా అంత నల్లటి మచ్చ. పాదం చల్లగా ఉంది. "నొప్పి పుట్టలేదా బాబాయ్?" అని అడిగితే, "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అన్నారు. మూడు రోజులుగా ఆయన నిజమే చెబుతున్నారు. ఆ పాదానికి నొప్పి తెలియదు.

11 రోజుల తర్వాత మోకాలి కింద కాలు తీసేశారు. అది ఎలాగూ పోయే కాలే సిస్టర్ అని తర్వాత ఒక సర్జన్ గారు నన్ను ఓదార్చారు. కావచ్చు. కానీ కొలిచి ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపేవాళ్లం. మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరవడమో, బైపాస్ చేయడమో, ఏదో ఒక ప్రయత్నం జరిగేది. ఆపరేషన్ ఉచితంగానే అయింది. తర్వాత జైపూర్ కాలు కూడా ఉచితంగానే వచ్చింది. కాలిలో రక్తం కొలిచే పరికరం ఒక్కటే ఆ బిల్డింగులో లేదు.

మా ఊరి రైతుకి చెప్పినట్టు చెబుతాను. డెల్టాలో ప్రతి చేనుకీ రెండు దారులుంటాయి. పంట కాలువ నుంచి నీళ్లు వచ్చే బోదె ఒకటి, వాడిన నీళ్లు పోయే డ్రెయిన్ ఒకటి. కాలికి కూడా అంతే. ధమనులు గుండె నుంచి రక్తం తెస్తాయి, సిరలు వెనక్కి తీసుకెళ్తాయి. డ్రెయిన్ పూడిపోతే చేను మురుగుతుంది. అలాగే సిరల్లో కవాటాలు పాడైతే రక్తం కిందే నిలిచి, నీరు బయటకి ఊరి, కాలు వాస్తుంది. అప్పుడు బయటి నుంచి నొక్కి కట్టే కట్టు అమృతం. చీలమండ దగ్గర సుమారు 40 మి.మీ. ఒత్తిడి (బీపీ కొలిచే పాదరసం మి.మీ.లే), పైకి పోయేకొద్దీ తగ్గేలా కట్టాలి. నడిచినప్పుడు పిక్క కండరం ఆ కట్టుకి తగిలి పంపులా పనిచేస్తుంది. సిరల పుండ్లకు ఇదే అసలు వైద్యం. లండన్‌లోని ఛారింగ్ క్రాస్ ఆసుపత్రిలో 1980లలో తయారైన నాలుగు పొరల కట్టు ఇదే పని చేస్తుంది. పాల్ ఉన్నా అనే జర్మన్ చర్మ వైద్యుడు జింకు పూసిన గుడ్డతో అంతకు వందేళ్ల ముందు కట్టిందీ ఇందుకే.

కానీ మా బాబాయ్ కాలికి డ్రెయిన్ బాగానే ఉందేమో. బోదే మూసుకుపోయింది. షుగరూ చుట్టా కలిసి ధమనుల్ని లోపలి నుంచి సన్నం చేశాయి. మరి వాపు ఎందుకొచ్చిందంటారా? వేలాడేసి పడుకోబట్టి. కాలు కిందకుంటే ఆ ఎత్తు మేరకు రక్తానికి కొంత ఒత్తిడి కలిసొస్తుంది, పాదానికి నాలుగు చుక్కలు ఎక్కువ అందుతాయి, హాయిగా ఉంటుంది. మూడు నెలలు అలా వేలాడేస్తే నీరు దిగి కాలు వాస్తుంది. అంటే ఆయన ఒంటికి తెలిసిన ఒకే ఒక్క మందు ఆ వేలాడేయడం. నేను దాన్ని మాన్పించి, పైన దిండ్లు పెట్టి, చుట్టూ కట్టు బిగించాను.

లెక్క చూడండి. చీలమండ దగ్గర ధమనిలో ఒత్తిడి 60 ఉందనుకుందాం. ఇది ఉదాహరణే, ఆయన కాలుని ఎవరూ కొలవలేదు. కాలు గుండె కన్నా ఒక అడుగు ఎత్తులో పెడితే సుమారు 22 మి.మీ. తగ్గుతుంది, 38 మిగులుతుంది. బయట కట్టు నొక్కేది 40. ఇక రక్తం ఎటు నుంచి పోతుంది? ఇందులో వైద్యశాస్త్రం కూడా అక్కర్లేదు, ఎక్కాలు చాలు. ఈ లెక్క నాకు ఎవరైనా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చెప్పి ఉంటే బాగుండేది.

"బిగుతుగా ఉంటే చెప్పండి" అనే మాట గురించి కూడా చెప్పాలి. నేను చూసిన ఏ డ్రెస్సింగ్ రూములోనైనా భద్రత పేరుతో జరిగేది ఈ ఒక్క మాటే. మామూలు మనిషికి కట్టు బిగిస్తే అర్ధరాత్రి లేచి తనే పీకి పారేస్తాడు, మర్నాడు మనం తిడతాం. షుగర్ పాదానికి ఆ అదృష్టం లేదు. నరాలు చచ్చుబడిన పాదంలో మేకు దిగినా తెలియదు, చెప్పు ఊడినా తెలియదు. ఇంకో మోసం కూడా ఉంది. చర్మం కిందున్న చిన్న నాళాలను అదుపు చేసే నరాలు కూడా పాడవుతాయి కాబట్టి, లోపల కణాలకు రక్తం అందకపోయినా కొన్ని పాదాలు పైకి వెచ్చగానే ఉంటాయి. చెయ్యి వేసి చూసి "వెచ్చగానే ఉందిగా" అనుకున్న పాదాలు నా సర్వీసులో ఎన్నో! పేషెంటు చెప్పలేడు, మన చెయ్యి చెప్పలేదు. కాబట్టే పరికరం కావాలి.

నాడి వేళ్లతో చూడొచ్చు కదా అంటారు. చూడాలి, తప్పకుండా చూడాలి. పాదం పైన బొటనవేలికీ రెండో వేలికీ మధ్య గీత వెంట కొంచెం వెనక్కి ఒక నాడి, లోపలి చీలమండ ఎముక వెనక ఇంకొకటి. కానీ కొందరికి పాదం మీది నాడి పుట్టుకతోనే దొరకదు. వాచిన పాదంలో ఉన్నది కూడా వేలికి అందదు. బిగుతు కట్టు అడిగేది వాచిన పాదాలే. అంటే అవసరమైన చోటే మన వేళ్లు పనిచేయవు.

చేతి డాప్లర్ ఎలా పనిచేస్తుందో చూడని వాళ్ల కోసం రాస్తున్నాను. పేషెంటుని పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టాలి. రెండు చేతులకీ బీపీ చూసి పెద్ద అంకె రాసుకోవాలి. తర్వాత అదే బీపీ పట్టీని చీలమండకి కొంచెం పైన చుట్టాలి. పుండు ఉంటే మీద శుభ్రమైన కవరు వేసుకోవాలి. నాడి ఉన్న చోట జెల్లీ రాసి, పెన్ను లాంటి ప్రోబ్‌ని ఏటవాలుగా ఆనిస్తే చప్పుడు వినిపిస్తుంది. మంచి ధమనికి కొరడా ఝళిపించినట్టు టకటకా పలికే చప్పుడు. ఇరుకైన ధమనిలో అది దూరంగా సముద్రం హోరులా నీరసంగా ఉంటుంది. పట్టీలో గాలి నింపితే ఒక చోట చప్పుడు ఆగిపోతుంది. మెల్లగా వదిలితే మళ్లీ మొదలవుతుంది. ఆ మొదలైన అంకె రాసుకుని చేతి అంకెతో భాగించాలి. చెయ్యి 130, చీలమండ 120 అయితే 0.92. చెయ్యి 140, చీలమండ 63 అయితే 0.45.

0.9 నుంచి 1.3 దాకా ఉంటే రక్తం బాగానే వస్తోందని అర్థం. 0.9 కన్నా తగ్గితే ఎక్కడో ఇరుకు ఉంది. 0.5 నుంచి 0.8 మధ్యలో ఉంటే పూర్తి బిగుతు వద్దు. తక్కువ ఒత్తిడితో కట్టొచ్చా లేదా అనేది నిపుణులే తేల్చాలి. 0.5 కన్నా తక్కువైతే బిగుతు కట్టు మాటే ఎత్తకూడదు, రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపేయాలి. ఇందులో ఒక మెలిక ఉంది, అది షుగర్ వాళ్ల దగ్గరే ఎక్కువ. ధమని గోడలో సున్నం పేరుకుని పీవీసీ పైపులా గట్టిపడితే, బీపీ పట్టీ దాన్ని నొక్కలేదు. అప్పుడు 1.4, 1.5 అని అంకె వస్తుంది. చూసేవాడు "భేష్, ఫస్ట్ క్లాస్" అనుకుంటాడు. 1.3 దాటితే ఆ అంకెను నమ్మకూడదు. బొటనవేలికి చిన్న పట్టీ వేసి కొలవాలి, ఎందుకంటే వేలి నాళాలు సాధారణంగా అంత గట్టిపడవు. వేలి దగ్గర 30 మి.మీ. కన్నా తక్కువైనా, చీలమండ దగ్గర 50 కన్నా తక్కువైనా పుండున్న కాలికి అది అర్జెంటు కేసని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలి పట్టీ ప్రతి పీహెచ్‌సీలో లేకపోయినా, అనుమానం వస్తే పై ఆసుపత్రికి పంపించడం మాత్రం ఊళ్లో తిరిగే నర్సు, ఏఎన్‌ఎమ్, కూడా చేయగలదు.

మా దగ్గర డాప్లర్ ఉందని మీ రికార్డులు చెప్పొచ్చు. ఉంది, నాకు తెలుసు. అది గర్భిణుల కడుపు మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినేది. లోతుకు వెళ్లేందుకు దాని ప్రోబ్ 2, 3 మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. పాదంలో చర్మం కిందే ఉన్న సన్నటి నాళానికి 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్ కావాలి. ఇండెంట్ పెట్టేటప్పుడు ఈ ఒక్క అంకె రాయకపోతే మళ్లీ బిడ్డ డాప్లరే వస్తుంది, బీరువాలో కూర్చుంటుంది. సర్కారు సప్లైల సంగతి నాకు కొత్త కాదు.

ఇదంతా చదివి బిగుతు కట్టంటేనే భయపడే ప్రమాదమూ ఉంది. నా కళ్ల ముందు అదీ జరిగింది. బాబాయ్ సంగతి తర్వాత కొన్నేళ్లు నేనే ఆ భయంతో బతికాను. షుగర్ అని వినగానే కట్టు వదులుగా, గాజ్ గుడ్డ మీద టేపు మాత్రం వేసి పంపేదాన్ని. 2016లో ఒకావిడ వచ్చింది. టిఫిన్ సెంటర్ నడిపేది. తెల్లవారి నాలుగింటి నుంచి పెనం ముందు నిలబడే ఉంటుంది. ఎడమ కాలు లోపలి చీలమండకి పైన అరచేయంత పుండు, 14 నెలలుగా. పుండు చుట్టూ చర్మం చాకొలెట్ రంగులోకి మారి గట్టిపడింది. నీరు కారి కారి చీర ఫాల్ తడిసిపోతుంటే, కాలికి పాల ప్యాకెట్ కవరు చుట్టుకుని దోసెలు పోసేది. ఎక్కడికెళ్లినా యాంటీబయాటిక్, ఒక కొత్త పూత, "షుగర్ కాలు కదమ్మా, కట్టు కట్టకూడదు" అనే మాట. షుగర్ ఉంది నిజమే. అప్పుడే వచ్చిన ఓ కుర్ర సర్జన్ దగ్గర సొంత డాప్లర్ ఉండేది, జీతంతో కొనుక్కున్నాడు. కొలిస్తే 1.04. చప్పుడు కొరడాలా పలికింది. వేలి నాడి కూడా చూసుకుని, అడుగున దూది పొర, మీద రెండు పొరలు సాగే కట్టు, వారానికోసారి మార్పు. మొదటి వారంలోనే చుట్టు కొలత రెండు సెంటీమీటర్లు తగ్గింది. నాలుగు నెలలకి పుండు మూసుకుంది. ఆవిడకి కాలు కాదు, 14 నెలల వ్యాపారం పోయింది. పక్క వీధిలో ఇంకో టిఫిన్ సెంటర్ వచ్చేసింది.

వాపు ఉన్నంత కాలం కణానికీ నాళానికీ మధ్య నీరు అడ్డుగా ఉంటుంది. ఆక్సిజన్ ఆ దూరం దాటి వెళ్లాలి. అందుకే రక్తం సరిపడా వచ్చే కాలిలో వాపు తీస్తే పుండు మానే వేగం పెరుగుతుంది. పాదాల సంగతిలోనూ దీనికి రుజువుంది. 2000లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇన్ఫెక్షన్ కోసి శుభ్రం చేసిన షుగర్ పాదాలకు కొందరికి గాలి పంపు తొడుగులు పెట్టారు, కొందరికి పనిచేయని తొడుగులు పెట్టారు. 12 వారాలకు మొదటి వాళ్లలో నూటికి 75 మందికి మానింది, రెండో వాళ్లలో 51 మందికి. కాబట్టి కట్టుని నిషేధించమని నేను అడగడం లేదు. ఎవరికి కట్టాలో తేల్చుకునే దారి ఇవ్వమంటున్నాను.

పుండు ఎక్కడుందో చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది, ఇది కొత్త నర్సులకి నేను మొదటి రోజే చెప్పేదాన్ని. లోపలి చీలమండ పైన ఉంటే సిరల మీద అనుమానం. వేళ్ల కొసలు, మడమ అయితే ధమనుల మీద అనుమానం. అరికాలిలో బొటనవేలి మొదట్లో, చుట్టూ కాయ కట్టి ఉంటే అది నడకలో పడే బరువు వల్ల వచ్చిన పుండు. ఈ మూడోదానికి ఎన్ని కట్లు కట్టినా, ఎంత ఖరీదైన పూత రాసినా, ఆ మనిషి దాని మీద నడుస్తున్నంత కాలం మానదు. బరువు తప్పించాలి. మనం ఎక్కడెక్కడి మార్గదర్శకాలో చదువుతాం గానీ, ఈ పాఠంలో సగం మన పక్కనే పుట్టింది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల మొద్దుబారిన పాదాలు చూసి, పుండు కారణం రోగం కన్నా నొప్పి తెలియక నడిచే నడకేనని గట్టిగా చెప్పారు. పాదానికి అంటుకునేలా వేసే ప్లాస్టర్ కట్టుని తర్వాత అమెరికాకి తీసుకెళ్లారు, అక్కడ అది షుగర్ పాదాలకు వైద్యమైంది. కుష్ఠు కార్యక్రమంలో మన ప్రభుత్వాలే ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగున్నవి) ఉచితంగా ఇస్తాయి. అవే చెప్పులు షుగర్ పాదానికి అడిగితే "ఆ స్కీము వేరమ్మా" అని పంపించేస్తే నేనేం చెప్పాలి? మొద్దుబారిన పాదానికి స్కీము పేరు తెలుస్తుందా?

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెబుతాను. వాపు కనిపించగానే కట్టుకి చెయ్యి చాచే ముందు మందుల చీటీ చూడమనండి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ చాలామందికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. షుగర్‌కిచ్చే పయోగ్లిటజోన్ కూడా అంతే. కిడ్నీ దెబ్బతిని ఒళ్లంతా నీరు పట్టినా, గుండె నీరసించినా కాళ్లు వాస్తాయి. గుండె అదుపులో లేని మనిషికి రెండు కాళ్లూ బిగించి కడితే, కాళ్లలోని నీరు పైకి వెళ్లి రాత్రికి ఆయాసం మొదలవ్వొచ్చు. ఒక్క పాదం మాత్రం ఎర్రగా, వేడిగా వాచి నొప్పి లేదంటే ఎముకలు లోపల కూలుతున్నాయేమో చూడాలి. అలాంటి పాదానికి క్రేప్ కట్టి నడిపించడం కన్నా అన్యాయం లేదు.

మాకు స్టాఫే లేరు, ఇదొకటా అని పీహెచ్‌సీ వాళ్లు అంటారని నాకు తెలుసు. నేనైనా అనేదాన్నే. రెండు కాళ్లూ చూడటానికి, పడుకోబెట్టే పది నిమిషాలతో కలిపి అరగంట పడుతుంది. కానీ ఊళ్లో షుగర్ ఉన్న అందరికీ కాదు నేనడిగేది. పుండున్న కాలికి, బిగుతు కట్టు వేయబోయే కాలికి. ఒక పీహెచ్‌సీలో రోజుకి అలాంటి కాళ్లు ఎన్నుంటాయి? కొన్ని వారాలు ఒక్కటీ ఉండదు. మరోవైపు దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. షుగర్ ఉన్న నూరుమందిలో 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి పాదానికి పుండు పడుతుందని వైద్య పత్రికల అంచనా. ముప్పై దాటినవాళ్లకి ఇంటికెళ్లి బీపీ, షుగర్ చూసే ఏర్పాటు ఇప్పటికే చేశారు. సంతోషం. వచ్చిన ఏఎన్‌ఎమ్ ఆ మనిషిని చెప్పులు విప్పమని అడగడం మాత్రం నేను మా ఇంటి దగ్గర ఒక్కసారీ చూడలేదు.

క్రేప్ బ్యాండేజ్ సప్లై గురించి ఒక మాట. ఒకే బ్యాండేజ్ ఉతికి, ఆరేసి, మళ్లీ చుట్టి, సాగే గుణం పోయి తాడులా తయారయ్యేదాకా వాడతాం. అలాంటి దానితో ఒత్తిడి 40 అని లెక్కేసుకోవడం నవ్వులాట. ఒకే లాగుడుతో కట్టినా సన్నటి చీలమండ మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది, లావు పిక్క మీద తక్కువ పడుతుంది. సన్న కాళ్ల ముసలివాళ్లకి అడుగున దూది చుట్టకుండా కడితే ముంగాలి ఎముక మీద కొత్త పుండు లేస్తుంది. ఇవన్నీ ఒక పూట ట్రైనింగులో నేర్పేయొచ్చు. దూది రోలు లేకుండా బ్యాండేజ్ పంపొద్దు, అంతే.

మీ సర్క్యులర్ అందని వాళ్లకీ రెండు మాటలు, మీ ఉత్తరంలోనే దూరుస్తున్నాను. ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టర్లూ, పుండు చుట్టూ గాజులా ఒక్క చోటే బిగించి కట్టకండి. కింద పాదం, పైన పిక్క వదిలేసి మధ్యలో కట్టే కట్టు గొడ్డుకి వేసే పలుపు లాంటిది. సర్జికల్ షాపుల వాళ్లూ, మేజోళ్లు అడిగినప్పుడు "ఎల్ సైజా, ఎక్సెల్ సైజా" అని కాక "షుగర్ ఉందా, నడిస్తే పిక్క పట్టేస్తోందా" అని అడగండి. అమెరికాలో ఉన్న పిల్లలూ, విమానంలో వేసుకునే బిగుతు సాక్సులు, గాలి మిషన్లు అమ్మానాన్నలకి పంపే ముందు ఇక్కడ ఒకసారి కాలు చూపించమనండి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక పెద్దాయన అలాంటి సాక్సులు వేసుకుని వాకింగ్‌కి వస్తారు, పది అడుగులకోసారి ఆగి పిక్క పట్టుకుంటారు. ఆగిన ప్రతిసారీ ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తారు. నేను పట్టుబట్టి పరీక్షకి పంపాను. రిపోర్టు వచ్చాక సాక్సులు వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. వాచ్‌మన్‌కీ షుగరే, ఆయన కాళ్లు చూసే పని ఇప్పుడు నాది.

ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లు ఉన్నారు, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టీ తాగీ బతికే కుటుంబాలున్నాయి. ఆ జిల్లాల నుంచి మొదలుపెట్టండి, ఒక్కసారి అన్ని చోట్లా కుదరకపోతే. పొగ, షుగర్ కలిసిన కాళ్లు అక్కడ దొరుకుతాయి. అయ్యప్ప మాల సీజను ముందు మాలలు వేసుకునే షుగర్ వాళ్ల పాదాలు ఒకసారి చూసినా మంచిదే. 41 రోజులు చెప్పుల్లేకుండా నడిచి, మకరజ్యోతి అయ్యాక పుండుతో వచ్చేవాళ్లని సంక్రాంతి తర్వాత ప్రతి ఏడూ చూశాను. స్వామి శరణం అని కాలు చాపి కూర్చునేవారు, కోప్పడటానికి కూడా నోరొచ్చేది కాదు.

ఇక డాప్లర్ ధర. ఒక మామూలు టచ్ ఫోన్ ధరకి అటూ ఇటూగా ఉంటుంది. ఒక బీపీ మిషను, ఒక జెల్లీ సీసా, చీటీలో ఒక గడి. కుడి ఎంత, ఎడమ ఎంత, చూసినవారి సంతకం. సంతకం ముఖ్యం. సంతకం పెట్టాల్సి వస్తే కొలవకుండా రాయడానికి నాలాంటి వాళ్లకి చెయ్యి వణుకుతుంది.

ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు లేరని ఫైలు ఆపకండి. నేనున్నాను, నాతోపాటు రిటైరైన వాళ్లు ఇంకా ఉన్నారు. చీలమండ మీద ప్రోబ్ పెట్టి చప్పుడు పట్టుకోవడం ఒక పొద్దున నేర్పేస్తాం. ఏ జిల్లా అయినా సరే, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంటాను. నేర్చుకునేవాళ్లకి చూపించడానికి ముందు నా కాళ్లే చాపుతాను. నాకూ షుగర్ వచ్చి ఆరేళ్లయింది. కుడి 1.02, ఎడమ 0.94, కిందటి నెల కొలిపించుకున్నాను.

ఇట్లు,
డ్రెస్సింగ్ రూములో 11 ఏళ్లు పనిచేసిన ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు